'నడకలో అయిదు నిమిషాలు': జపాన్ నగరాల్లో స్టేషన్ ముంగిటి హోటల్ – చరిత్ర, చట్టం, సౌకర్యం

వ్యాస సంగ్రహం

జపాన్ నగరాలకు వెళ్లే ప్రయాణికులలో చాలామంది రైల్వే స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న హోటల్‌ను బసకు ఎంచుకుంటారు. అటువంటి హోటల్ సౌకర్యాన్ని 'మంచి చోట ఉంది' అనే ఒక్క మాటతో చెప్పుకోవడం పరిపాటి. ఆ 'మంచి చోటు' తనంతట తాను ఏర్పడలేదనీ, రైల్వే వ్యాపారం, నగర నిర్మాణం, వసతి చట్టాలు, కర్మాగారంలో తయారయ్యే స్నానాల గది కలిసి దానిని రూపొందించాయనీ ఈ వ్యాసం వివరిస్తుంది. గది కుదించుకుపోయిన మేరకు స్టేషన్ పేట ఆ గదికి కొనసాగింపుగా మారిందని ప్రతిపాదిస్తుంది. ఈ ఏర్పాటు ఎవరిని దృష్టిలో ఉంచుకొని సాగింది, ఎవరు దీనిలో ఇమడలేకపోతున్నారు అన్న విషయాలను చర్చిస్తుంది.

కీలక పదాలు: జపాన్, స్టేషన్ పేట, బిజినెస్ హోటల్, సిటీ హోటల్, ర్యోకన్, వసతి చట్టం, మజిలీ, సౌకర్యం.

1. ఉపోద్ఘాతం

ప్రయాణంలో బస ఎక్కడ అన్న ప్రశ్న తెలుగు యాత్రా సాహిత్యానికి కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన ప్రయాణాన్ని నమోదు చేసిన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీలు, దిగిన సత్రాలు, ఊళ్లలో దొరికే సరుకులు ప్రస్తావనకు వస్తాయి. నేటి యాత్రా రచనల్లో చూసిన స్థలాలకు దక్కినంత చోటు తలదాచుకున్న స్థలానికి దక్కడం లేదు. ఒక సమాజం అపరిచితుడికి రాత్రిపూట ఎంత చోటు ఇస్తుంది, ఏ షరతుల మీద ఇస్తుంది అన్నది ఆ సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరించే ప్రశ్న. జపాన్ విషయంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఇటీవల పెరిగింది. ఆ దేశానికి వచ్చే విదేశీ సందర్శకుల సంఖ్య 2013లో తొలిసారి ఏడాదికి కోటి దాటింది. 2024లో అది దాదాపు 3 కోట్ల 69 లక్షలకు చేరింది. సదస్సులకు వెళ్లే అధ్యాపకులు, పరిశోధకులు, ఉద్యోగరీత్యా వెళ్లే సాఫ్ట్‌వేర్ నిపుణుల రూపంలో తెలుగువారికీ ఈ బసతో పరిచయం ఏర్పడుతోంది.

ముందుగా రెండు పదాలను స్పష్టం చేసుకోవాలి. జపాన్ పర్యాటక సంస్థ వసతి గణాంకాలలో ర్యోకన్, రిసార్టు హోటల్, బిజినెస్ హోటల్, సిటీ హోటల్, సాధారణ వసతి అనే విభజన కనిపిస్తుంది. 'సిటీ హోటల్' అనే మాట ఆంగ్ల పదాలతో ఏర్పడినా, జపాన్‌లో దానికి ప్రత్యేకార్థం ఉంది. విందు మందిరాలు, వివాహ వేదికలు, పలు భోజనశాలలు గల పెద్ద నగర హోటల్‌ను సిటీ హోటల్ అంటారు. ప్రధానంగా పడక గదులు మాత్రమే ఉండి, ఉద్యోగ పనుల మీద తిరిగేవారిని ఉద్దేశించినది బిజినెస్ హోటల్. మొదటిది నగరాన్ని భవనం లోపలికి తెచ్చుకుంటుంది. రెండవది అతిథిని నగరానికి అప్పగిస్తుంది. ఈ రెండింటికీ స్టేషన్ సామీప్యం ముఖ్యమే అయినా, రెండవ దానికి అది ప్రాణాధారం. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా బిజినెస్ హోటల్‌ను పరిశీలిస్తుంది.

2. మజిలీ ఊరి నుండి స్టేషన్ ముంగిటికి

తొకుగావా షోగునుల పాలనలో ప్రాంతీయ ప్రభువులు నియమిత కాలాల్లో ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు వచ్చి నివసించాలనే కట్టడి 1635లో శాసనబద్ధమైంది. దీనిని సాన్కిన్ కోతాయ్ అంటారు. ప్రభువులు సపరివారంగా రాకపోకలు సాగించడంతో రహదారుల వెంట షుకుబా అనే మజిలీ ఊళ్లు వర్ధిల్లాయి. ఎదోలోని నిహోంబాషి నుండి క్యోటో వరకు సాగే తొకాయిదో మార్గంలో ఇటువంటి మజిలీలు 53. ఆ ఊళ్లలో బస అంతస్తులను బట్టి ఉండేది. ప్రభువులకు, ఉన్నతాధికారులకు హోంజిన్ అనే విడిది. సామాన్య ప్రయాణికులకు భోజనంతో కూడిన హతాగొ. అంతకన్నా తక్కువ ఖర్చుతో సరిపెట్టుకునేవారికి కిచిన్‌యాదొ. కిచిన్ అంటే వంటచెరకు ఖరీదు. బియ్యం తామే తెచ్చుకొని, కట్టెలకు డబ్బు చెల్లించి వండుకొనేవారు గనుక ఆ పేరు వచ్చింది.

ఈ విభజన కేవలం చారిత్రక విశేషం కాదు. భోజనంతో కలిసిన బస, భోజనం లేని బస అనే రెండు సంప్రదాయాలు నేటికీ కొనసాగుతున్నాయి. ర్యోకన్‌లో ఒక రాత్రి బసతో పాటు రాత్రి భోజనం, ఉదయ భోజనం కలిపి మనిషికి ఇంత అని ధర చెప్పడం ఆనవాయితీ. భోజనం లేకుండా కేవలం నిద్రకు తీసుకొనే గదిని సుదొమారి అంటారు. మన పూటకూళ్ల ఇంట్లో తిండి ప్రధానం, పడక అనుబంధం. బిజినెస్ హోటల్‌లో ఆ క్రమం తారుమారైంది.

రైలు రాకతో మజిలీల క్రమం మారింది. నడకదారిలో పొద్దు గుంకే చోట రాత్రి ఆగవలసి వచ్చేది. రైలుదారిలో ప్రయాణం ముగిసిన చోటే ఆగడం అలవాటైంది. సన్యో రైల్వే సంస్థ 1902లో షిమొనొసెకి స్టేషన్ ఎదుట హోటల్‌ను ప్రారంభించింది. టోక్యో స్టేషన్ 1914 డిసెంబరులో మొదలుకాగా, తత్సునొ కింగొ రూపొందించిన ఆ భవనంలోనే 1915 నవంబరులో టోక్యో స్టేషన్ హోటల్ వెలసింది. అక్కడ స్టేషన్ పక్కన హోటల్ కాదు, స్టేషన్ కడుపులోనే హోటల్. ఈ బంధం సాహిత్యానికీ చేరింది. మత్సుమొతొ సేయ్‌చో 1957–58లో ధారావాహికగా వెలువరించిన నేర పరిశోధన నవల 'తెన్ తొ సెన్' కథ టోక్యో స్టేషన్‌లో ఒక వేదిక నుండి మరో వేదిక కనిపించే నాలుగు నిమిషాల వ్యవధి మీద నడుస్తుంది. రైలు వేళాపట్టిక జీవితాన్ని ఎంతగా శాసిస్తుందో ఆ నవల ఇతివృత్తమే చెబుతుంది.

సంపన్నుల హోటల్‌కూ సామాన్యుల సత్రానికీ మధ్య ఉన్న ఖాళీని పూరించే ప్రయత్నం 1938లో టోక్యోలోని షింబాషిలో జరిగింది. అక్కడ ఆరు వందలకు పైగా గదులతో దాయిచి హోటల్ మొదలైంది. స్టేషన్‌కు దగ్గరగా, చిన్న గదులతో, ఉద్యోగులకు అందుబాటులో ఉండే ధరతో నడిచిన ఈ హోటల్‌ను బిజినెస్ హోటల్‌కు పూర్వరూపంగా పరిగణించవచ్చు.

3. స్టేషన్ పేట: దూరాన్ని కాలంతో కొలిచే నగరం

జపాన్‌లో స్టేషన్ ఎదుటి ప్రాంతాన్ని ఎకిమాయె అంటారు. మాటకు 'స్టేషన్ ముంగిలి' అని అర్థం. అది కేవలం రైలు ఎక్కే చోటు కాక, అంగళ్లు, భోజనశాలలు, కార్యాలయాలు గుమిగూడిన నగర కేంద్రం. దీని వెనుక ప్రైవేటు రైల్వేల వ్యాపార సూత్రం ఉంది. ఒసాకాలోని ఉమెదా నుండి తకరజుకా వరకు 1910లో రైలు నడిపిన సంస్థకు సారథ్యం వహించిన కొబయాషి ఇచిజో, రైలు టిక్కెట్ల ఆదాయం మీదే ఆధారపడలేదు. దారి పొడవునా ఇళ్ల స్థలాలు అమ్మాడు. ఒక చివర తకరజుకాలో వినోదశాలను, మరో చివర ఉమెదాలో 1929లో హంక్యూ బహుళ వస్తు విక్రయశాలను నెలకొల్పాడు. రైలు జనాన్ని తెస్తుంది, జనం భూమి విలువను పెంచుతారు, ఆ విలువ మళ్లీ రైల్వేకే చేరుతుంది. ఈ సూత్రాన్ని ఇతర ప్రైవేటు రైల్వేలు కూడా అనుసరించాయి. 1987లో జాతీయ రైల్వేను విభజించి ప్రైవేటీకరించిన తరువాత ఏర్పడిన సంస్థలూ స్టేషన్ భవనాల్లో హోటళ్లు, అంగళ్లు నడిపే దారినే పట్టాయి. హారా హిరోషి రూపకల్పనతో 1997లో పూర్తయిన క్యోటో స్టేషన్ భవనంలో రైలు వేదికలు, విక్రయశాల, నాటకశాల, హోటల్ ఒకే కప్పు కింద ఉన్నాయి.

చిరునామా పద్ధతి కూడా స్టేషన్ ప్రాముఖ్యాన్ని పెంచింది. జపాన్ నగరాల్లో చాలా వీధులకు పేర్లు ఉండవు. 1962 నాటి నివాస సూచన చట్టం ప్రకారం పేట, పేటలో భాగం, ఆ భాగంలోని గడి, గడిలో ఇంటి సంఖ్య అనే క్రమంలో చిరునామా ఉంటుంది. వీధి పేరుతో దారి చెప్పే వీలు తక్కువ గనుక, ఫలానా స్టేషన్‌లో ఫలానా ద్వారం నుండి ఇన్ని నిమిషాలు అని చెప్పడం సహజమైంది.

ఆ 'నిమిషాలు' ఊరకే చెప్పే మాట కాదు. స్థిరాస్తి ప్రకటనలకు వర్తించే నియమావళి ప్రకారం 80 మీటర్ల దారి దూరాన్ని ఒక నిమిషం నడకగా లెక్కించాలి. మిగిలిన దూరం 80 మీటర్ల కన్నా తక్కువైనా దానిని పూర్తి నిమిషంగానే చూపాలి. ఆ లెక్కన 'నడకలో అయిదు నిమిషాలు' అంటే 320 మీటర్లు దాటి 400 మీటర్ల లోపు దూరం. ఇళ్ల అమ్మకాలకు, అద్దెలకు ఉద్దేశించిన ఈ నియమం హోటళ్లకు నేరుగా వర్తించకపోయినా, అదే పరిభాష హోటల్ ప్రకటనల్లోనూ స్థిరపడింది. ఈ కొలతకు కొన్ని పరిమితులు ఉన్నాయి. కూడళ్లలో సిగ్నల్ కోసం నిలబడే సమయం, ఎత్తుపల్లాలు, వంతెన మెట్లు ఈ లెక్కలోకి రావు. పైగా కొలత స్టేషన్ ద్వారం నుండి మొదలవుతుంది. షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలు ఉన్నాయి. రైలు దిగిన వేదిక నుండి సరైన ద్వారం చేరడానికే పది నిమిషాలు పట్టవచ్చు. లిఫ్టు ఉన్న ద్వారం హోటల్‌కు దగ్గరి ద్వారం కాకపోవచ్చు. చేతిలో పెద్ద పెట్టె ఉన్నవారికి, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవారికి పటంలో కనిపించే దూరం కన్నా ఈ వివరమే ముఖ్యం.

4. గది కుదింపు, పేట విస్తరణ

బిజినెస్ హోటల్ గది చిన్నదిగా ఉండటానికి భూమి ధర ఒక్కటే కారణం కాదు. ప్రతి గదికీ స్నానాల గదిని చేర్చడం ఒకప్పుడు ఖరీదైన, నెలల తరబడి సాగే పని. పలకలు అతికించడం, నీరు కారకుండా పూత వేయడం, గొట్టాలు కలపడం వంటి పనులకు వేరు వేరు పనివారు వరుసగా రావలసి ఉండేది. 1964 ఒలింపిక్ క్రీడలకు ముందు టోక్యోలో వెయ్యికి పైగా గదులతో హోటల్ న్యూ ఒతానీని తక్కువ కాలంలో పూర్తి చేయవలసి వచ్చింది. అప్పుడు తొయొ తోకి సంస్థ, అంటే నేటి టోటో, స్నానపు తొట్టి, వాష్‌బేసిన్, మరుగుదొడ్డి ఒకే పెట్టెలా అమరిన యూనిట్ బాత్‌ను కర్మాగారంలో రూపొందించి భవనంలో అమర్చింది. విలాస హోటల్ కోసం పుట్టిన ఈ పద్ధతి తరువాతి కాలంలో చిన్న హోటల్‌కే ఎక్కువగా ఉపకరించింది. స్నానాల గది కొలత స్థిరపడటంతో పడక గది కొలత కూడా స్థిరపడి, ఒకే నమూనా గదులను అంతస్తు మీద అంతస్తుగా పేర్చడం సులువైంది.

అదే ఏడాది అక్టోబరు 1న తొకాయిదో షింకన్‌సెన్ మొదలైంది. పూర్వం 53 మజిలీలుగా సాగిన దారిని దాటి, టోక్యో నుండి షిన్-ఒసాకా వరకు ఉన్న దూరాన్ని రైలు మొదట నాలుగు గంటల్లో, మరుసటి ఏడాది నుండి మూడు గంటల పది నిమిషాల్లో దాటింది. జపాన్ భాషలో షుత్చో అనే ఉద్యోగ ప్రయాణం దైనందిన వ్యవహారమైంది. పగలంతా పనిలో ఉండి, ఆలస్యంగా గదికి చేరి, ఉదయమే రైలు ఎక్కే ఉద్యోగికి విశాలమైన గదితో పని లేదు. నగర రైళ్లు అర్ధరాత్రి దాటాక ఒంటి గంట లోపు ఆగిపోయి, తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటల ప్రాంతంలో తిరిగి మొదలవుతాయి. రైలు నడవని ఆ కొద్ది గంటలను దాటించడమే ఇటువంటి బసకు ముఖ్య ప్రయోజనం. దీనికి పరాకాష్ఠ క్యాప్సూల్ హోటల్. వాస్తుశిల్పి కురొకావా కిషో రూపకల్పనతో ఒసాకాలోని ఉమెదాలో 1979లో తొలి క్యాప్సూల్ హోటల్ ప్రారంభమైంది. అందులో గది అనేది లేదు, మనిషి పడుకొనే అర మాత్రమే ఉంది.

గది నుండి తొలగిన సదుపాయాలు నిజానికి మాయమైపోలేదు, పేటలోకి తరలిపోయాయి. వంటగదికి బదులుగా పగలూ రాత్రీ తెరచి ఉండే కన్వీనియెన్స్ స్టోర్ వచ్చింది. జపాన్‌లో సెవెన్-ఇలెవెన్ తొలి దుకాణం 1974లో టోక్యోలోని తొయొసులో తెరుచుకుంది. సామాన్ల గదికి బదులుగా స్టేషన్‌లోని లాకర్లు, 1976లో యమతొ రవాణా సంస్థ ప్రవేశపెట్టిన తక్యూబిన్ అనే ఇంటింటి చేరవేత సేవ ఉన్నాయి. ఒక నగరంలోని హోటల్‌లో పెట్టెను అప్పగిస్తే అది సాధారణంగా మరునాటికి మరో నగరంలోని హోటల్‌కు చేరుతుంది. దుస్తులు ఉతుక్కొనే యంత్రాలు హోటల్‌లోనే ఒక అంతస్తులో అందరికీ ఉమ్మడిగా ఉంటాయి. కొన్ని హోటళ్లలో ఉమ్మడి వేడినీటి స్నానశాల కూడా ఉంటుంది. ప్లాస్టిక్ వనరుల చట్టం 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాక టూత్‌బ్రష్, దువ్వెన వంటివి కూడా చాలా హోటళ్లలో గది నుండి లాబీకి చేరాయి. కావలసినవారే తీసుకోవాలి. ఈ విధంగా చూస్తే అతిథి చెల్లించే అద్దె నాలుగు గోడల మధ్య చోటుకు మాత్రమే కాదు, గోడల అవతల ఉన్న పేటను వాడుకొనే వీలుకు కూడా.

5. చట్టం గీసిన బస

జపాన్‌లో వసతి వ్యాపారాన్ని 1948 నాటి ర్యోకన్ వ్యాపార చట్టం నియంత్రిస్తుంది. మొదట హోటల్, ర్యోకన్ వేర్వేరు వర్గాలు. హోటల్‌కు కనీసం పది గదులు, ర్యోకన్‌కు కనీసం అయిదు గదులు ఉండాలనే నిబంధన ఉండేది. 2018 జూన్‌లో అమలులోకి వచ్చిన సవరణ రెండింటినీ ఒకే వర్గంగా కలిపి, గదుల కనీస సంఖ్యను తొలగించింది. గది విస్తీర్ణం కనీసం 7 చదరపు మీటర్లు, మంచం వేసిన గదికి 9 చదరపు మీటర్లు ఉండాలని నిర్దేశించింది. 9 చదరపు మీటర్లు అంటే సుమారు 97 చదరపు అడుగులు. స్నానాల గది కూడా ఈ కొలతలో భాగమే. రిసెప్షన్‌కు బదులుగా సాంకేతిక పరికరాలతో అతిథిని గుర్తించే ఏర్పాటుకు కూడా ఈ సవరణ వీలు కల్పించింది. కొన్ని హోటళ్లలో మనిషికి బదులు యంత్రం పలకరించడానికి చట్టపరమైన ఆధారం ఇదే.

అతిథుల వివరాల నమోదు మరో ముఖ్యాంశం. బస చేసే ప్రతి ఒక్కరూ పేరు, చిరునామా వంటి వివరాలు ఇవ్వాలి. 2005 ఏప్రిల్ నుండి జపాన్‌లో నివాస చిరునామా లేని విదేశీయులు జాతీయత, పాస్‌పోర్టు సంఖ్య కూడా తెలపాలి. పాస్‌పోర్టు నకలు తీసుకోవడం ఈ నియమంతోనే మొదలైంది. ఇక్కడ ఒక సూక్ష్మ భేదం ఉంది. సదస్సుకు హైదరాబాద్ నుండి వెళ్లిన అధ్యాపకురాలికి ఈ నియమం వర్తిస్తుంది. టోక్యోలో నివాసం ఉంటూ ఒసాకాకు పని మీద వెళ్లిన తెలుగు ఉద్యోగి జపాన్ చిరునామా రాస్తే, ఈ నియమం కింద పాస్‌పోర్టు చూపనవసరం లేదు. నియమానికి ఆధారం నివాసమే తప్ప ముఖకవళికలు కావు. రిసెప్షన్‌లో ఈ భేదం తెలియక అపార్థం తలెత్తితే మర్యాదగా చెప్పడానికి ఈ వివరం ఉపయోగపడుతుంది.

ఆచరణలో ఎదురయ్యే మరికొన్ని నియమాలు కూడా ఈ వ్యవస్థ స్వభావాన్ని తెలుపుతాయి. ధరను గదికి కాక మనిషికి లెక్కించే పద్ధతి ఇంకా విస్తృతంగా ఉంది. అందువల్ల గది నమోదు చేసేటప్పుడు ఎంతమంది అన్నది సరిగా చెప్పాలి. ఇద్దరికని తీసుకున్న గదిలో మూడో మనిషిని సర్దుకోవడం కుదరదు. చిన్న పిల్లలు తల్లిదండ్రుల మంచం మీదే పడుకొంటే అదనపు రుసుము తీసుకోని హోటళ్లు ఉన్నాయి. వయఃపరిమితి ఒక్కో హోటల్‌లో ఒక్కో విధంగా ఉంటుంది. 'సెమీ డబుల్' అనే మంచం సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే గనుక ఇద్దరు పెద్దలకు ఇరుకు. గది సాధారణంగా మధ్యాహ్నం మూడు గంటలకు ఇస్తారు, ఉదయం పది లేదా పదకొండుకు ఖాళీ చేయాలి. ఆ లోగా చేరినవారి సామాను రిసెప్షన్‌లో భద్రపరుస్తారు. స్టేషన్ దగ్గర ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడే ఎక్కువగా తెలుస్తుంది. గది చేతికి రాకముందూ, గది ఖాళీ చేశాకా ఆ పేట ప్రయాణికుడికి ఆశ్రయం ఇస్తుంది.

6. సౌకర్యం ఎవరికి?

ఇంతవరకు వివరించిన ఏర్పాటు ఒక నిర్దిష్టమైన మనిషిని ఊహించుకొని సాగింది. ఆ మనిషి ఒంటరిగా ప్రయాణించే, ఆరోగ్యవంతుడైన, ఏ తిండైనా తినే ఉద్యోగి. ఆ ఊహకు భిన్నమైనవారికి అదే గది, అదే పేట వేరుగా కనిపిస్తాయి.

చక్రాల కుర్చీ వాడేవారికి యూనిట్ బాత్ గడప ఒక అడ్డుగోడ. 2006లో ఒక పెద్ద హోటల్ సంస్థ, తనిఖీ పూర్తయ్యాక వికలాంగుల కోసం నిర్మించిన వసతులను తొలగించి ఇతర అవసరాలకు మార్చిందని బయటపడి, దేశవ్యాప్తంగా విమర్శకు గురైంది. 2019 సెప్టెంబరు నుండి అమలైన నిబంధన ప్రకారం 50 లేదా అంతకన్నా ఎక్కువ గదులున్న పెద్ద హోటళ్లను కొత్తగా నిర్మిస్తే, గదుల్లో కనీసం 1 శాతం చక్రాల కుర్చీకి అనువుగా ఉండాలి. అంతకుముందు ఎన్ని గదులున్నా ఒక్క గది ఉంటే సరిపోయేది. ఇది ముందడుగే అయినా, వంద గదుల హోటల్‌లో అటువంటి గది ఒక్కటే ఉండవచ్చు. ఎవరైనా ముందే తీసుకుంటే రెండో వ్యక్తికి ఆ హోటల్ ఎంత దగ్గరున్నా ప్రయోజనం లేదు.

బస నిరాకరణ మరింత తీవ్రమైన అంశం. చట్టంలోని అయిదవ అధికరణం ప్రకారం నిర్దిష్ట కారణాలు లేకుండా అతిథిని నిరాకరించరాదు. అంటే బస ఇవ్వడం వ్యాపారి దయ కాదు, బాధ్యత. కుష్ఠు నివారణ చట్టం 1996లో రద్దయింది. ఆ వ్యాధి నయమైనవారిని దశాబ్దాల తరబడి వేరుగా ఉంచినందుకు ప్రభుత్వమే బాధ్యురాలని 2001లో కుమమొతొ జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా 2003లో అదే కుమమొతొ ప్రాంతంలో ఒక హోటల్, వ్యాధి నయమైన ఆశ్రమవాసులకు బస నిరాకరించింది. ప్రాంతీయ ప్రభుత్వం వసతి చట్టం కింద చర్య తీసుకుంది. తరువాత ఆ హోటల్ మూతపడింది. 2023 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ, సిబ్బందిపై అమిత భారం మోపే కోరికలను పదే పదే కోరే అతిథిని నిరాకరించే వీలు కల్పించింది. వైకల్యం ఉన్నవారు తమకు అవసరమైన సర్దుబాటు కోరడం దీని కిందికి రాదని మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. సిబ్బంది గౌరవాన్ని, అతిథి హక్కును ఒకేసారి కాపాడటం ఎంత కష్టమో ఈ సవరణ చుట్టూ జరిగిన చర్చ తెలియజేస్తుంది.

గదుల సంఖ్య పెరిగే కొద్దీ భద్రత కూడా ముఖ్యమవుతుంది. 1980 నవంబరులో కవాజిలోని హోటల్ అగ్నిప్రమాదంలో 45 మంది, 1982 ఫిబ్రవరిలో టోక్యోలో జరిగిన హోటల్ అగ్నిప్రమాదంలో 33 మంది మరణించారు. రెండో ఘటనలో నీటిజల్లు పరికరాలు తగిన విధంగా లేకపోవడం ప్రధాన లోపంగా తేలింది. యజమానికి జైలుశిక్ష పడింది. నేడు గది తలుపు లోపలి వైపు కనిపించే తప్పించుకొనే దారి పటం, మంచం పక్కన ఉండే టార్చిలైటు అలంకారాలు కావు. భవనం 1981 జూన్‌లో అమలైన నూతన భూకంప ప్రమాణాల తరువాత కట్టినదా అన్నది కూడా గమనించదగినదే. 2011 మార్చి 11 భూకంపం నాడు రైళ్లు ఆగిపోవడంతో టోక్యో మహానగర ప్రాంతంలో దాదాపు 51 లక్షల 50 వేల మంది ఇళ్లకు చేరలేకపోయారని ప్రభుత్వం అంచనా వేసింది. రైలు ఆగితే స్టేషన్ పేట సౌకర్యం ఎంత త్వరగా తలకిందులు కాగలదో ఆ రోజు చూపింది.

తిండి విషయం తెలుగు శాకాహారులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. బిజినెస్ హోటల్ ఉదయ ఫలహారంలో అన్నం, మిసొ చారు ఉంటాయి. చూడటానికి శాకాహారంలా ఉన్నా, ఆ చారుకు ఆధారమైన దాషి చాలావరకు ఎండు చేపతో చేసినదే. సిటీ హోటల్‌లో ముందుగా చెబితే వంటశాల ఏర్పాటు చేయగలదు. బిజినెస్ హోటల్‌లో ఆ అవకాశం తక్కువ గనుక పేట మీదే ఆధారపడాలి. అప్పుడు 'అనుకూలమైన స్టేషన్' అన్న మాటకు అర్థం మారుతుంది. భారతీయ ఉద్యోగులు ఎక్కువగా నివసించే టోక్యోలోని నిషి-కసాయ్ పర్యాటక పటంలో ప్రముఖం కాదు. కానీ అక్కడ భారతీయ సరుకుల దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి. నగర మధ్యంలోని ఓతెమాచికి అక్కడి నుండి నేరుగా మెట్రో ఉంది. కొందరికి షింజుకు కన్నా అదే మంచి చోటు.

చివరగా పేటవాసుల మాట. హోటల్ తన గదికి కొనసాగింపుగా వాడుకొనే పేట మరొకరి ఊరు. క్యోటోలో నగర బస్సుల్లో సందర్శకుల రద్దీ వల్ల స్థానికులకు చోటు దొరకని పరిస్థితి ఏర్పడి, 2024 జూన్‌లో సందర్శకుల కోసం ప్రత్యేక వేగ బస్సులు ప్రవేశపెట్టారు. టోక్యో 2002లో, క్యోటో 2018లో వసతి పన్ను విధించాయి. క్యోటోలో మొదట మనిషికి రాత్రికి 1,000 యెన్‌లుగా ఉన్న గరిష్ఠ పన్నును 2026 మార్చి నుండి 10,000 యెన్‌లకు పెంచాలని నిర్ణయించారు. అత్యంత ఖరీదైన గదులకే వర్తించినా, పేటను వాడుకొన్నందుకు పేటకు కొంత చెల్లించాలనే ఆలోచన ఇందులో ఉంది. గదులను శుభ్రపరిచే శ్రమ కూడా ఈ లెక్కలోకి రావాలి. సిబ్బంది కొరత కారణంగా 2019 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన నిర్దిష్ట నైపుణ్య వీసాలో వసతి రంగాన్ని కూడా చేర్చారు. విదేశీ అతిథి పడుకొనే పక్కను పరిచేది మరో విదేశీయురాలు కావడం నేడు అరుదు కాదు.

7. ముగింపు

జపాన్ నగర హోటల్‌లో సౌకర్యం గది గుణం కాదనీ, అది గదికీ పేటకూ మధ్య ఉన్న సంబంధమనీ పై పరిశీలన తెలుపుతుంది. మజిలీ ఊళ్ల కాలం నాటి భోజన బస, భోజనం లేని బస అనే విభజన, రైల్వేల భూవ్యాపారం, 1964లో రూపుదిద్దుకున్న యూనిట్ బాత్, 9 చదరపు మీటర్ల చట్ట ప్రమాణం కలిసి ఈ సంబంధాన్ని నిర్మించాయి. గది నుండి తొలగించిన ప్రతి సదుపాయాన్ని పేట భరిస్తోంది. ఆ భారాన్ని ఎవరు మోస్తున్నారు, ఆ పేటలో ఎవరు ఇమడలేకపోతున్నారు అన్న ప్రశ్నలకు చట్టాలు కాలక్రమంలో, తరచుగా ఒక ప్రమాదమో అన్యాయమో జరిగిన తరువాతే జవాబు చెబుతూ వచ్చాయి.

బస ఎంచుకొనే పరిశోధకులకు దీని నుండి ఒక ఆచరణ సూత్రం లభిస్తుంది. 'స్టేషన్‌కు దగ్గర' అన్న మాట చూసినప్పుడు ఏ స్టేషన్, ఏ ద్వారం, ఎవరి నడక, ఏ వేళ అని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. యాత్రా సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారికి కూడా ఇదే పద్ధతి ఉపకరిస్తుంది. యాత్రికులు దిగిన చోట్ల గురించి రాసిన కొద్దిపాటి వాక్యాలను ఈ ప్రశ్నలతో చదివితే, నాటి రవాణా, చట్టం, సామాజిక అంతస్తులు వాటిలో ఎంతవరకు నమోదయ్యాయో తేల్చడానికి వీలవుతుంది. సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు, స్టేషన్ రోడ్డు లాడ్జీల మీద తెలుగులో ఇటువంటి అధ్యయనాలు జరగవలసి ఉంది.